మైకు దాకా రాని స్తోత్రాలు

మన చర్చిల్లో సాక్ష్యాల సమయం వచ్చిందంటే ఎవరెవరు లేస్తారో ముందే ఊహించవచ్చు. అబ్బాయికి వీసా వచ్చినవాళ్లు, మొదటి స్కాన్‌లో కనిపించిన గడ్డ రెండో స్కాన్‌లో కనిపించనివాళ్లు, పదేళ్లకు కడుపు పండినవాళ్లు, లారీ కింద పడబోయి బయటపడ్డవాళ్లు. ఒక్కొక్కరూ మైకు అందుకుని స్తోత్రం చెబుతారు, సభ ఆమెన్ అంటుంది. ఇందులో వేళాకోళం చేయడానికి ఏమీ లేదు. గండం గడిచినవాడు నోరు తెరిచి చెప్పుకోకపోతే ఆ భారం దిగదు. కానీ, ఈ వారం కూడా కుళాయి వచ్చింది, అన్నం ఉడికింది, పిల్లలు బడి నుంచి ఇల్లు చేరారు, మంచాన పడ్డ మా అత్తగారికి రోజూ స్నానం చేయించగలిగాను అని లేచి చెప్పినవాళ్లను ఎవరైనా చూశారా? చెబితే అయ్యగారు సైతం, 'ఇంకేమైనా ఉందా అమ్మా' అన్నట్టు చూస్తారు.

క్రైస్తవ జీవితంలో పవిత్రమైనది ఎక్కడుంటుంది? ఆదివారం బల్ల దగ్గరా, సోమవారం పొయ్యి దగ్గరా? దీని మీద పాతకాలం నుంచీ చాలామంది ఆలోచించారు, రాశారు. అవన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే నాకు తోచింది ఇది. అరుదైన మేలుకు మాత్రమే స్తోత్రం చెల్లించడం మనం చేసుకున్న అలవాటు. పాతవాళ్లు స్తోత్రాన్ని పొయ్యి దగ్గరే పెట్టారు. అయితే పొయ్యి ముందు కూర్చున్నది ఎవరు, వాళ్లంతట వాళ్లే కూర్చున్నారా అన్నది పాతవాళ్లూ పెద్దగా అడగలేదు. ఆ లోటు మనదాకా వచ్చింది.

బైబిలుతోనే మొదలుపెడదాం. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో తొలి పంటను గంపలో పెట్టుకుని మందిరానికి వెళ్లే రైతు ఒకడున్నాడు. యాజకుడు గంప అందుకుని బలిపీఠం ముందు పెడతాడు. అప్పుడా రైతు వాన కురిసింది, పంట పండింది, వందనాలు అని చెప్పి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. తన పూర్వీకుడు దిక్కులేక తిరిగినవాడనీ, ఐగుప్తులో తనవాళ్లు వెట్టి చేశారనీ, మొరపెట్టుకుంటే దేవుడు విన్నాడనీ, ఆ తర్వాతే ఈ నేల దక్కిందనీ కథంతా ఒప్పజెప్పాలి. అది అయ్యాక, సొంత భూమి లేని లేవీయుడూ, బతకడానికి వచ్చిన పరదేశీ అతనితో పాటు ఆ పంటను అనుభవించాలి. గంప ఒక్కటే తెస్తే సరిపోదు, వెట్టి కథా రావాలి, పక్కవాడూ రావాలి. మన కోత పండుగల్లో ఈ భాగం చదవడం విన్నాను. నడిమి కథ మీద ప్రసంగం విన్నది మాత్రం చాలా తక్కువ.

యూదుల ఇళ్లలో రొట్టెకో స్తుతి, ద్రాక్షరసానికో స్తుతి, మెరుపు చూస్తే ఒకటి, చివరికి కాలకృత్యం తీర్చుకుని వచ్చాక కూడా ఒకటి ఉంటుంది. ఒంట్లో తెరుచుకోవలసినవి తెరుచుకుని, మూసుకోవలసినవి మూసుకున్నందుకు దేవుడికి చెప్పే వందనం అది. రోజుకు నూరు స్తుతులు చెప్పాలని వాళ్ల పెద్దలు లెక్క కూడా పెట్టారు. యేసు పెరిగింది ఈ వాతావరణానికి దగ్గరగా ఉన్న ఇంట్లోనే. ఐదు వేలమందికి పంచినప్పుడైనా, చివరి రాత్రి భోజనంలోనైనా ఆయన చేతుల పని ఒకటే. రొట్టె పట్టుకోవడం, స్తుతి చెప్పడం, విరవడం, ఇవ్వడం. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు ఆయనతో అంత దూరం నడిచి, లేఖనాల వివరణంతా విని కూడా ఆయన్ని పోల్చుకోలేకపోయారు. మామూలు ఇంట్లో, మామూలు భోజనం దగ్గర రొట్టె విరిచేసరికి పోల్చుకున్నారు.

ఇక కృతజ్ఞతా కూడికల్లో పదిమంది కుష్ఠురోగుల కథ చెప్పని ప్రసంగీకుడు లేడు. తొమ్మిదిమంది వెనక్కి రాలేదని వాళ్లను దులిపేస్తారు. వాళ్ల పక్షాన ఒక మాట చెప్పాలి. యాజకుల దగ్గరికి వెళ్లి కనబడమని యేసే చెప్పాడు, వాళ్లు చెప్పిన పనికే పోయారు. తిరిగొచ్చినవాడు సమరయుడు. యెరూషలేము యాజకుడి గడపలో అతనికి ఏ మర్యాద దొరికేదో అనుమానమే. బహుశా అందుకే, మేలు ఎవరి వల్ల జరిగిందో అతనికి సూటిగా కనిపించింది. ఊరి వెలుపల నిలబడ్డవాడికి కృతజ్ఞత ఎలా ఉంటుందన్నది మనవాళ్లకు ఒకరు చెప్పాలా?

తర్వాతి శతాబ్దాల్లో ఈ పొయ్యి దగ్గరి భక్తిని పట్టుకున్నవాళ్లు సన్యాసులు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళిలో ఉగ్రాణం చూసుకునే సోదరుడికి ఒక అధ్యాయమే ఉంది. మఠంలోని పనిముట్లనూ, గిన్నెలనూ బలిపీఠం మీది పాత్రలతో సమానంగా చూసుకోవాలన్నది అతనికి పెట్టిన నియమం. వంట పని వారానికి కొందరి వంతు. వంతు దిగేవాళ్లు తువ్వాళ్లు ఉతికి, అందరి కాళ్లూ కడిగి, పాత్రలు శుభ్రంగా అప్పజెప్పాలి. ఆదివారం ప్రార్థన మందిరంలో దిగేవాళ్లకూ ఎక్కేవాళ్లకూ ఆశీర్వాదం ఉంటుంది. అంట్లు తోమే వంతుకు గుళ్లో ప్రార్థన! మన సంఘాల్లో పాస్టరుకు అభిషేకం ఉంది, సండే స్కూలు టీచర్లకు ప్రతిష్ఠ ప్రార్థన ఉంది, ప్రేమవిందు అయ్యాక డేగిసాలు తోమే ఆడవాళ్లకు ఏముంది?

లూథర్ 1522లో పెళ్లి గురించి రాస్తూ ఇంకో అడుగు వేశాడు. బిడ్డ మూత్రం గుడ్డలు ఉతికే తండ్రిని చూసి ఊరు నవ్వినా, విశ్వాసంతో ఆ పని చేస్తుంటే దేవుడు దూతలతో సహా సంతోషంగా చూస్తాడన్నాడు. ఇగ్నేషియస్ లయోలా తన ఆత్మశోధన పద్ధతిలో మొదటి మెట్టుగా ఆనాడు పొందిన మేళ్లకు వందనం చెప్పమన్నాడు. తప్పులు లెక్కపెట్టుకోవడం ఆ తర్వాతే. విజయవాడలో 1953 నుంచీ ఉన్న ఆంధ్ర లయోలా కాలేజీలో చదువుకున్నవాళ్లు వేలమంది. ఆ పేరు మోస్తున్న మనిషి దినాన్ని కృతజ్ఞతతో లెక్క చూసుకోమన్నాడని వాళ్లలో ఎందరికి తెలుసో.

వీళ్లందరిలో మనవాళ్లకు ఎక్కువ దగ్గరైనవాడు బ్రదర్ లారెన్స్. అసలు పేరు నికొలా ఎర్మాన్, అప్పట్లో ఫ్రాన్సు పక్కనున్న లొరేన్ వాడు. సైన్యంలో గాయపడి, కాలు పాడై, 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో సేవకుడిగా చేరాడు. ఏళ్ల తరబడి వంటశాలలో పనిచేశాడు, తర్వాత చెప్పులు కుట్టే పని. 1691లో చనిపోయాక అతని మాటల్నీ ఉత్తరాల్నీ ఒక పాదిరి చేర్చి అచ్చువేయించాడు. ప్రార్థన వేళకూ పని వేళకూ తనకు తేడా లేదన్నది అతని మాటల సారం. పెనం మీద గుడ్డు అట్టు తిరగేసినా దేవుడి మీద ప్రేమతోనే తిరగేస్తానన్నాడు. అందరూ ఇంతవరకు చెప్పి ఆపేస్తారు. నాకు ముఖ్యమనిపించేది ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి, అతనికి స్వతహాగా వంట పనంటే గిట్టదు. గిట్టని పనిలో, గోల మధ్య, ఏళ్ల తరబడి సాధన చేసి ఆ స్థితికి వచ్చాడు తప్ప వంటింట్లో అడుగుపెట్టగానే పరమానందం ముంచెత్తలేదు. పైగా అతని పక్కన చంటిపిల్ల ఏడవలేదు, సరుకులకు అప్పు చేయలేదు, ఉప్పు తక్కువైందని కంచం విసిరేవాడు లేడు. మన ఇళ్లలో తెల్లారి నాలుగు గంటలకు లేచి, పొయ్యి వెలిగిస్తూనే సన్నగా కీర్తన పాడుకునే అమ్మలు ఎందరో అదే సాధన చేశారు. వాళ్లను ఏ పాదిరీ కూర్చోబెట్టి అడగలేదు, వాళ్ల మాటలు ఏ అచ్చు ఆఫీసుకూ పోలేదు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. తెలుగు క్రైస్తవ కృతజ్ఞత చరిత్ర రాయాలంటే బియ్యంతోనే రాయాలి.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిని మహా కరువు పీక్కుతింది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి చూపించాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. పని దొరికినవాళ్లు బాప్తిస్మం ఇవ్వమని చుట్టుముట్టారు. కరువు సాయం నడిచినంతకాలం ఇవ్వనన్నాడు. కూటి కోసం కలిశారన్న మాట పడకూడదని ఆయన జాగ్రత్త. సాయం ఆగాక 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. ఇంత చేసినా బియ్యం క్రైస్తవులన్న నిందను వాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పటికీ మోస్తున్నారు. నాకెప్పుడూ వింతగా ఉంటుంది. కడుపు నిండా తిన్నవాడి కృతజ్ఞతను ఎవరూ శంకించరు, ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టిన చేతిని గుర్తుపెట్టుకుంటే అది అమ్ముడుపోవడం అవుతుంది. అన్నం పరబ్రహ్మ స్వరూపమన్న దేశంలో అన్నం వల్ల దేవుణ్ని తెలుసుకోవడం తప్పెలా అయింది?

మెదక్ కథా ఇలాంటిదే. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ మహా దేవాలయం 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. కరువు రోజుల్లో దాని పనే ఊళ్లకు కూడు పెట్టిందని మెదక్ చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. అక్కడి గోపురం ఎత్తు గురించి, రంగుటద్దాల గురించి రాసేవాళ్లు చాలామంది. తట్ట మోసి సాయంత్రం గంజి తాగినవాళ్ల లెక్కలోంచి చూస్తే అది అన్నం పెట్టిన గుడి, అంతే.

పుచ్చుకున్న బియ్యం కథ ఇది. ఇచ్చిన బియ్యం కథ ఇంకా గొప్పది, తక్కువ రాసినదీ అదే. ఎసరు పెట్టేముందు, ఇంటిల్లిపాదికీ కొలిచి చేటలో పోసుకున్న బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేయడం తెలుగు సంఘాల్లో ఎన్నో తరాల అలవాటు. చేయి డబ్బాలోకి పోతుండగా పెదాల మీద చిన్న ప్రార్థన. వారానికో నెలకో ఆ బియ్యం చర్చికి చేరుతుంది. మిజోరం ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో ఇలాంటి పిడికిలితోనే మొదలుపెట్టి పెద్ద పెద్ద మిషన్ పనులకు డబ్బు కూడబెట్టారు, దాని మీద పుస్తకాలూ వచ్చాయి. మన ఆడవాళ్ల పిడికిలి మీద అంత శ్రద్ధ ఎవరూ పెట్టలేదు.

ఆ డబ్బాను దగ్గరగా చూడండి. హార్లిక్స్ సీసానో, పాలపొడి డబ్బానో, అంచు సొట్టపోయిన సత్తు చెంబో. తీసే పిడికెడు మూటలోది కాదు, అప్పటికే కొలిచిన పూటలోది. అంటే ఇంట్లో ఎవరో ఒకరికి ఒక ముద్ద తగ్గుతుంది. అందరూ తిన్నాక ఆఖర్న అడుగున మిగిలింది ఎవరు ఊడ్చుకుని తింటారో ప్రతి తెలుగు ఇంటికీ తెలుసు. కాబట్టి ఆ కానుక సంఘం పుస్తకంలో కుటుంబం పేరు మీద పడ్డా, ఇచ్చింది ఆవిడే.

అన్ని ఇళ్ల బియ్యం ఒక బస్తాలో కలిసేసరికి ఇంకో తమాషా. ఒకరిది సోనా మసూరి, ఒకరిది రేషన్ బియ్యం, ఒకరిది పాతవి, ఒకరిది ఈ కోతలో మరపట్టించిన కొత్తవి. కొత్తవి నీళ్లు తక్కువ తాగుతాయి, పాతవి ఎక్కువ తాగుతాయి. కలిపి వండితే ఒకటి మెత్తబడి ముద్దయ్యేసరికి ఇంకొకటి పలుకు మీదే ఉంటుంది. అన్నానికి పనికిరావని నానబోసి, రుబ్బి, అట్లు పోసుకునే అమ్మగార్లు ఉన్నారు. సంఘమంతా ఒక్కటే అని ప్రసంగాల్లో వింటాం. అది ఎంత కష్టమో ఆ గిన్నె దగ్గర ఉన్నవాళ్లకు ఎక్కువ తెలుసు.

ఈ ఇచ్చే పద్ధతిని ఒక క్రమంలోకి తెచ్చిన పేరు చెప్పాలంటే దోర్నకల్ బిషప్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో పుట్టిన తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు, 1945 జనవరి 1న పోయేదాకా తెలుగు పల్లెల్లోనే తిరిగాడు. క్రైస్తవులు ఇవ్వడం గురించి ప్రత్యేకంగా పుస్తకం రాశాడు. ఆయన సంఘస్థులు చాలామంది చేతిలో నాణెం ఆడని కూలీలు. డబ్బు లేనివాడు ఇవ్వలేడన్న మాటను ఆయన ఒప్పుకోలేదు, ధాన్యం, కోడి, మేక ఏదైనా తెమ్మన్నాడు. ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లుగానే ముద్రపడ్డ జనానికి ఇచ్చే చేయి ఉందని చూపించడమే అందులోని అసలు సంగతి అని నా అభిప్రాయం. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన దోర్నకల్ దేవాలయాన్ని మన గుమ్మటాలు, స్తంభాల తీరులో కట్టించడంలో కూడా ఆ పట్టుదల కనిపిస్తుంది.

కోత పండుగ వేలం చూసినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. ఆరాధన అయ్యాక ముందు కుప్పపోసిన గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు ఒక్కొక్కటే పాటకు వస్తాయి. సంఘ పెద్ద గొంతు చించుకుంటాడు. సొరకాయ నూరు దగ్గర మొదలై అయిదొందలకు పోతుంది, పాడుకున్నాయన దాన్ని మళ్లీ దేవుడికే ఇచ్చేస్తే అది మళ్లీ పాటకొస్తుంది. కోడి తప్పించుకుని బల్ల కిందికి దూరుతుంది, పిల్లలు దాని వెంట పడతారు. భక్తి తగ్గిపోయిందని గొణిగే పెద్దలున్నారు. నాకు మాత్రం ద్వితీయోపదేశకాండంలోని గంపకు మనకున్న వారసుల్లో ఈ గోలే దగ్గరిదనిపిస్తుంది. ఒక్క ఇబ్బంది ఉంది. పాట పాడేవాళ్లు ఎప్పుడూ ఆ నలుగురే, ఎవరు ఎంతకు పాడారన్నది ఏడాదంతా ఊళ్లో నానుతుంది. పిడికెడు బియ్యానికి ఆ జబ్బు లేదు, ఎవరి పిడికెడు ఏదో బస్తాలో ఎవరికి తెలుసు?

పట్నాల్లో ఈ డబ్బా దాదాపు కనుమరుగైంది. కానుక పెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. అకౌంటుకు అది తేలిక, పాస్టరుగారికి కలగలుపు బియ్యం బెడద తప్పింది. కాకపోతే పూటకోసారి చేయి చేసే పని నెలకోసారి బొటనవేలు చేసే పని అయింది. మరిచిపోకుండా ఉండటానికి పూర్వం ఎసరు ఉండేది, ఇప్పుడు ఒకటో తారీఖున ఫోను గుర్తుచేయాలి.

ఇతర సంఘాల పద్ధతులూ చూడాలి. హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా బఖ్త్ సింగ్ నడిపిన సహవాసాల్లో ఆదివారం ఆరాధనలో విశ్వాసులు ఒకరి తర్వాత ఒకరు తమ మాటల్లో స్తుతి చెల్లించడానికి చాలా సమయం ఇస్తారు, తర్వాత చాపల మీద అందరికీ ప్రేమవిందు. కథోలికుల త్రికాల జపం రోజును మూడుచోట్ల ఆపుతుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పొద్దుటికీ సాయంత్రానికీ పాటలున్నాయి. గుణదల మేరీమాత పండుగకు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా కొండెక్కే జనం తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. అందులో హిందువులూ ఉంటారు. మొక్కు తీర్చుకోవడం బేరమేనని ప్రొటెస్టెంటు ప్రసంగీకులు తీసిపారేస్తారు. ఆ మాట అనేముందు తమ టీవీ కార్యక్రమాల్లో విత్తనం విత్తండి, నూరంతలు కోయండి అంటూ అకౌంటు నంబరు చూపించే కానుకల సంగతి చూసుకుంటే బాగుండేది. గుణదల ఆడమనిషి మేలు జరిగాక నడిచి వస్తుంది. ఇక్కడ మేలుకు ముందే అడ్వాన్సు కట్టమంటున్నారు.

ఇటీవలి ఇంగ్లీషు పుస్తకాల్ని త్వరగా దాటేయవచ్చు. కెనడా రైతు కుటుంబపు ఆన్ వాస్కాంప్ వెయ్యి వరాల జాబితా రాసుకున్న కథతో లక్షల ప్రతులు అమ్మింది. అమెరికా ఆంగ్లికన్ గురువు టిష్ హారిసన్ వారెన్ 2016లో పక్క సర్దడం, పళ్లు తోముకోవడం, తాళాలు పోగొట్టుకోవడం, మిగిలిపోయిన కూర తినడం ఒక్కోదాన్నీ ఒక్కో ఆరాధన భాగంతో కలిపి రాసింది. రెండో పుస్తకం నాకు నచ్చింది, అందులో విసుగుకు కూడా చోటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎమన్స్, మెక్‌కలో 2003లో, వారం వారం కృతజ్ఞతా విషయాలు రాసుకున్నవాళ్లు చికాకులు రాసుకున్నవాళ్లకంటే తమ బతుకు గురించి మెరుగ్గా భావించారని చూపించారు. తర్వాత వచ్చిన సమగ్ర పరిశీలనలు దిగులు, ఆందోళన తగ్గించడంలో ఈ డైరీల ఫలం కొద్దిపాటిదేనన్నాయి. ఇందులో నిరాశపడాల్సింది లేదు. మనసు కుదుటపడుతుందని వందనం చెప్పడం ఒక పని, మేలు చేసినవాడున్నాడని చెప్పడం వేరే పని.

కష్టకాలంలో స్తోత్రం మాటేమిటి? జర్మనీలో ముప్పై ఏళ్ల యుద్ధకాలంలో ఐలెన్‌బుర్గ్ అనే ఊళ్లో మార్టిన్ రింకార్ట్ అనే పాస్టరుండేవాడు. 1637లో ప్లేగు వచ్చినప్పుడు ఆ ఏడాది వేలమందికి అంత్యక్రియలు జరిపించాడు, అందులో తన భార్య కూడా ఉంది. ఈనాటికీ ప్రపంచమంతా పాడే గొప్ప కృతజ్ఞతా కీర్తనల్లో ఒకటి అతనిది, అది భోజనం దగ్గర పాడుకోవడానికి రాశాడని చెబుతారు. ఈ కథ గొప్పదే, ప్రమాదకరమైనది కూడా. రింకార్ట్ తనకు తాను పాడుకున్నాడు. శవం ముందు కూర్చున్న తల్లితో అన్నిటికీ స్తోత్రం చెప్పమ్మా అనే పరామర్శకులకు అతనితో పోలిక లేదు. నూటయాభై కీర్తనల్లో మూడింట ఒక వంతుకు పైగా మొర, ఫిర్యాదు, ఎంతకాలం అనే నిలదీత. స్తుతి పుస్తకంలోనే అంత ఏడుపుకు చోటిచ్చినప్పుడు, మన కూడికల్లో ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టే తొందర దేనికి?

ఇది వ్యక్తి దుఃఖంతో ఆగదు. 1985లో కారంచేడులో మాదిగల్ని నరికినప్పుడు బతికి బయటపడ్డవాళ్లు చీరాలకు పరుగెత్తారు, చర్చి ఆవరణ వాళ్లకు శిబిరమైంది. బాప్తిస్మం పుచ్చుకున్న దళితుడికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారం ఎస్సీ హోదా లేదు. తర్వాత 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ సవరించారు, క్రైస్తవులను వదిలేశారు. వినుకొండ గుర్రం జాషువా 1941లో గబ్బిలం చేత శివుడికి కబురంపించాడు. క్రైస్తవుడైన కవి రాసిన ఆ ఫిర్యాదును చర్చిలో ప్రార్థనగా చదవాలని ఎవరికీ తట్టకపోవడం నాకు ఆశ్చర్యం. ఉన్నదానితో తృప్తిపడి వందనం చెప్పుకోమని బక్కవాడికి చెప్పడం చాలా సుఖమైన బోధ, అందులో బోధకుడికి ఖర్చేమీ లేదు.

బెనెడిక్టు మాట ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. గిన్నెలన్నీ బలిపీఠపు పాత్రలే అన్నవాడికి మన ఊరి టీ కొట్టు చూపిస్తే ఏమనేవాడో. అంటరానితనం మన దగ్గర గిన్నెల్లోనే, రెండు గ్లాసుల్లోనే కాపురం పెట్టింది. చర్చి లోపలా అంతే. తంజావూరు వైపు సంఘాల్లో కులాలవారీగా వేరే కూర్చోవడం, బల్ల దగ్గరికి ముందూ వెనకా రావడం పాతుకుపోతే 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ అది మానాల్సిందేనని ఉత్తరువిచ్చాడు. చాలామంది దానికి ఎదురుతిరిగారు. ఒకే గిన్నెలోంచి తాగడం అనే మామూలు పని ఈ దేశంలో ఎంత పవిత్రమైందో వేదాంత పుస్తకాలకంటే ఆ తగాదా బాగా చెబుతుంది.

చివరగా ఇంకో పొయ్యి. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి, రాజంపేట రాయచోటి వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు ఆరాధనా శుక్రవారమే. ఆదివారం పవిత్రమని ఊళ్లో నేర్చుకున్నవాళ్లు ఏ ఇబ్బందీ లేకుండా దాన్ని రెండు రోజులు ముందుకు జరుపుకున్నారు. సెలవు దొరకనివాళ్లు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, యజమాని ఇంట్లో అంట్లు తోముతూ ఆరాధన వింటారు. ఈ దృశ్యాన్ని చూసి లారెన్స్‌ను తలుచుకుని పరవశించే ప్రసంగం ఒకటి రాయడం ఎంత సులువో నాకు తెలుసు. కానీ లారెన్స్ మఠాన్ని తానే వెతుక్కుంటూ వెళ్లాడు. సబ్బాతు ఆజ్ఞ ద్వితీయోపదేశకాండంలో దాసుడికీ దాసికీ నీలాగే విశ్రాంతి ఉండాలంటుంది, మీరూ ఐగుప్తులో దాసులేనని కారణం చెబుతుంది. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు వారానికో రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏడాదికో నెల సెలవు రాసిపెట్టింది.

ఇక్కడ ఊళ్లో, అలా వెళ్లిన ఒకామె పంపిన డబ్బుతో స్లాబు పడుతుంది, పెద్దమ్మాయి నర్సింగులో చేరుతుంది, గృహ ప్రతిష్ఠ ప్రార్థనకు అయ్యగారొస్తారు, బిరియానీ పెడతారు. సాక్ష్యంలో ఆమె పేరు కూడా వస్తుంది, మైకులోనే. ఆ మైకు పట్టుకున్నవాళ్లలో, ఈ వారమైనా ఆమెకు శుక్రవారం దొరికిందా అని అడిగినవాళ్లు నాకు ఇంకా తగల్లేదు.